రచయిత ఎందుకు రాశాడు, పక్కన బొమ్మ ఎందుకు పెట్టాడు? ఏడో తరగతి ప్రశ్నకు సాయం కావాలి

నల్గొండ_అమ్మ (ఆదివారం, ఉదయం 10:20)

అందరికీ నమస్కారం. మాది నల్గొండ దగ్గర ఊరు. పాప ఏడో తరగతి. శుక్రవారం బడి నుంచి ఒక వర్క్‌షీట్ తెచ్చింది. ఒకటిన్నర పేజీ పాఠం, ఫ్లోరైడ్ నీళ్ల గురించి. భూమిలోని గ్రానైట్ రాళ్ల నుంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి ఎట్లా వస్తుందో మొదట చెప్పారు. తర్వాత పళ్ల మీద మరకలు, కీళ్లు బిగుసుకుపోవడం గురించి ఉంది. చివరి పేరాలో "బోరింగు నీళ్లు తాగకండి, మీ ఇంటి నీళ్లు పరీక్ష చేయించండి" అని రాశారు. మూడు బొమ్మలు కూడా ఉన్నాయి: మరకలు పడ్డ పళ్ల ఫొటో, మూడు బోర్ల ఫ్లోరైడ్ లెక్కల పట్టిక, పొయ్యి మీద గిన్నెలో నీళ్లు మరిగిస్తున్న ఒక ఆడమనిషి బొమ్మ.

ప్రశ్నలు రెండు. రచయిత దీన్ని ఎందుకు రాశాడు: సమాచారం ఇవ్వడానికా, ఒప్పించడానికా, ఆనందం కలిగించడానికా? బొమ్మలు పాఠానికి ఎట్లా తోడ్పడుతున్నాయి?

మొదటిదానికి పాప "సమాచారం ఇవ్వడానికి, ఎందుకంటే అంకెలు ఉన్నాయి" అని రాసింది. తప్పు కొట్టారు. రెండోదానికి "బొమ్మలు ఉంటే పాఠం బాగుంటుంది" అని రాసింది, సగం మార్కు వేశారు. ఎందుకు తప్పో రాయలేదు. పాప రెండు రోజులుగా టెన్షన్ పడుతోంది. నాకూ సరిగ్గా చెప్పడం రావడం లేదు.

మా అత్తమ్మది మర్రిగూడ వైపు. ఆమె పళ్లూ మోకాళ్లూ చూస్తే ఈ పాఠం మాకు పాఠం కాదు. పాపతో చదివించుకుని అంతా విని, "ఇది రాసినోళ్లు మా ఊరు చూసిన్రా?" అని అడిగింది. ఆ మాట నుంచి నా మనసు అక్కడే ఉంది. ఎట్లా చెప్పాలో తెలిసినవాళ్లు చెప్పండి.

తెలుగు_పంతులమ్మ_పాలమూరు (ఆదివారం, ఉదయం 11:05)

అమ్మా, మీ పాప జవాబు పూర్తిగా తప్పు కాదు. ముందు ఆ మాట పాపకు చెప్పండి. అంకెలున్నాయి కాబట్టి సమాచారం అనుకుంది, ఒక ఆధారం చూపించింది. ఆ ఆధారం దగ్గరే ఆగిపోయింది, అంతే.

నేను పిల్లలతో చేయించే పని ఒకటి చెప్తాను. పాఠంలోని క్రియల కింద గీతలు గీయిస్తాను. "కరుగుతుంది, చేరుతుంది, ఏర్పడతాయి" అన్నవి ఒక రంగు. "తాగకండి, చేయించండి" అన్నవి ఇంకో రంగు. రెండో రంగు ఎక్కడ కనిపిస్తుందో చూడమంటాను. మీ పాఠంలో అది చివరి పేరాలో ఉంది. ముందు చెప్పిన రాళ్లూ రోగాలూ అంకెలూ అన్నీ ఆ చివరి రెండు మాటలు మనం వినాలని పేర్చినవే. సమాచారం ఇచ్చాడు, నిజమే. ఇచ్చింది మాత్రం మనల్ని ఒక పనికి ఒప్పించడానికి.

మన తెలుగు వాచకాల్లో ప్రతి పాఠం ముందు "పాఠ్యభాగ ఉద్దేశం" అని ఉంటుంది. పిల్లలు దాన్ని దాటేసి నేరుగా ప్రశ్న జవాబుల్లోకి పోతారు. మేమూ పోనిస్తాం, సిలబస్ అయిపోవాలి కదా. నేను ఇప్పుడు ఆ నాలుగు వాక్యాలను కాగితంతో మూసి, పాఠం అయ్యాక ఉద్దేశం మీరే రాయండి అంటున్నాను. పుస్తకంలో ఉన్నదానికంటే మంచి వాక్యాలు వస్తున్నాయి.

ఉద్దేశం అంటే ఏమిటో చెప్పడానికి మా పాలమూరు జిల్లా నుంచే ఒక ఉదాహరణ ఉంది. నిజాం రాజ్యంలో తెలుగు కవులు లేరు అన్న మాట ఒకటి బయలుదేరితే, సురవరం ప్రతాపరెడ్డి గారు 354 మంది కవుల పద్యాలు తెప్పించి 1934లో గోలకొండ కవుల సంచికగా అచ్చు వేశారు. తెరిచి చూస్తే పద్యాలు. ఆనందం కోసమే అనుకోవచ్చు. వెనుక ఉన్న పని మాత్రం జవాబు చెప్పడం. ఆ సంఖ్యే ఒక వాదన. మూడు గళ్లలో ఒకదానికి టిక్కు పెట్టమంటే దీన్ని ఎక్కడ పెడతాం?

నీళ్ల_పరీక్ష (ఆదివారం, మధ్యాహ్నం 12:40)

మార్కుల సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ మూడో బొమ్మ గురించి చెప్పాలి, అందరూ దయచేసి వినండి.

నేను నీటి పరీక్షల ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను. ఫ్లోరైడ్ మరిగిస్తే పోదు. మరిగించినప్పుడు నీరు ఆవిరై తగ్గుతుంది, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉంటుంది. అంటే మిగిలిన నీళ్లలో దాని మోతాదు పెరుగుతుంది. సూక్ష్మక్రిములకు మరిగించడం మందు. ఫ్లోరైడుకు కాదు. ఫ్లోరైడ్ పాఠం పక్కన మరుగుతున్న గిన్నె బొమ్మ పెట్టడం చాలా పెద్ద తప్పు.

అమ్మా, ఒక పని చేయండి. పాఠం మూసేసి పాపను "ఫ్లోరైడ్ నీళ్లుంటే ఏం చేయాలి?" అని అడగండి. ఏం చెప్తుందో ఇక్కడ రాయండి.

నల్గొండ_అమ్మ (ఆదివారం, మధ్యాహ్నం 1:15)

సార్, ఇప్పుడే అడిగాను. "మరిగించి తాగాలి" అంది. పాఠంలో ఆ మాట ఎక్కడుందో చూపించమన్నాను. మూడుసార్లు వెతికింది. ఎక్కడా లేదు. బొమ్మ మీద వేలు పెట్టింది.

నీళ్ల_పరీక్ష (ఆదివారం, మధ్యాహ్నం 2:30)

అదే నా భయం. అది పాప తప్పు కాదమ్మా. ఒకటిన్నర పేజీ మాటలు ఒక వైపు, ఒక బొమ్మ ఒక వైపు. నాలుగు రోజులైతే మాటలు పోతాయి, బొమ్మ మిగులుతుంది.

మా ఉద్యోగంలో ఇది కళ్లారా చూశాను. మునుగోడు, మర్రిగూడ వైపు ఊళ్లలో పంచడానికి కరపత్రాలు వచ్చేవి. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, ఇంకో నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా తాగవచ్చు, దాటితే వద్దు అని అందులో ఉండేది. లెక్క సరైనదే. చదివిన ముసలాయన ఒకాయన నన్ను "మిల్లీగ్రాము అంటే ఎంత బిడ్డా, కంటికి కనవడ్తదా?" అని అడిగాడు. నీళ్లు చూస్తే తేటగా ఉన్నాయి, రుచి బాగుంది. తాగొద్దంటే ఎట్లా నమ్ముతారు? తర్వాత మేం ఎక్కువ ఉన్న బోరింగులకు ఎర్ర రంగు పూసే పని మొదలుపెట్టాం. అప్పుడు ఆడవాళ్లు బిందె దించకుండానే ముందుకు పోయేవాళ్లు. ఆ రంగు కూడా ఒక బొమ్మే. ఎక్కడ చదవాలో అక్కడ ఉంది.

ఇంకొకటి చెప్తాను. మన జిల్లా పేరుతోనే "నల్గొండ టెక్నిక్" అని ఉంది, నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలిపి, కలియబెట్టి, తేరనిచ్చి పైనున్న నీళ్లు వాడుకోవడం. ఇంట్లో చేసుకునే బకెట్టుకు నల్లా అట్టడుగున ఉండదు, కొంచెం పైకి ఉంటుంది. ఎందుకో మాటల్లో ఎన్నిసార్లు చెప్పినా జనం అడుగునే బిగించేవాళ్లు, నీళ్లు వృథా కావద్దని. బకెట్టును నిలువునా కోసినట్టు ఒక బొమ్మ గీసి, అడుగున పేరుకున్న మడ్డిని నల్లరంగుతో నింపి చూపిస్తే ఇంకెవరూ అడగలేదు. ఆ మడ్డిలోనే ఫ్లోరైడ్ ఉంటుంది. లోపలి సంగతి బయటి నుంచి కనిపించనప్పుడు బొమ్మకు నిజంగా పని ఉంటుంది.

చిటికి_మగ్గం (ఆదివారం, సాయంత్రం 5:10)

మాది పోచంపల్లి దగ్గర. నేను చదివింది పదో తరగతి. అయినా ఈ మాట మా పనిలో రోజూ చూసేదే కాబట్టి రాస్తున్నా.

చీర మీద పువ్వు రావాలంటే నూలు నేశాక అద్దేది కాదు మా పని. నేయకముందే నూలుకు చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట గట్టిగా కట్లు కట్టి, రంగు ముంచాలి. ఏ పోగు మీద ఎక్కడ కట్టాలో ముందే తెలియాలి. అందుకే డిజైన్ మొత్తం గ్రాఫ్ కాగితం మీద గళ్లు గళ్లుగా గీసుకుంటాం. మా నాయన నాకు మాటలతో నేర్పాలని చూశాడు, "ఎడమ నుంచి ఆరో కట్టు వదిలి రెండు కట్టు" అని. నాకు ఎక్కలేదు. కాగితం చేతికిచ్చి, ఈ గడి ఈ కట్టు అని వేలు పెట్టి చూపించాడు. ఒక్క పూటలో తెలిసింది.

కానీ కాగితం ఒక్కటే ఉంటే సరిపోదు. ఎర్ర రంగు ముందా, పసుపు ముందా, రంగు మునిగాక ఏ కట్టు విప్పాలి, అది కాగితంలో ఉండదు. అది నాయన చెప్పాల్సిందే. పాప వర్క్‌షీట్‌లో బొమ్మకు మాట తోడు లేదు. గిన్నె బొమ్మ కింద ఒక్క వాక్యం లేదు కదా? "ఇట్లా చేయొద్దు" అని ఉన్నా బాగుండేది.

నల్గొండ_అమ్మ (ఆదివారం, సాయంత్రం 5:25)

లేదన్నా. ఏ బొమ్మ కిందా ఏమీ రాయలేదు.

డిగ్రీ_మూడో_ఏడాది (ఆదివారం, సాయంత్రం 6:50)

మహబూబ్‌నగర్ నుంచి. మాటల కంటే బొమ్మే గొప్పది అనడానికి ఒక ఉదాహరణ. 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టర్ చనిపోయినవాళ్ల ఇళ్లన్నీ మ్యాపు మీద గుర్తులు పెట్టాడు. గుర్తులన్నీ బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూ గుమిగూడాయి. మ్యాపు చూసి కారణం కనిపెట్టాడు, పంపు పిడి తీయించాడు. మ్యాపు లేకపోతే జబ్బు ఆగేది కాదు.

పటాలు_సోషల్_సార్ (ఆదివారం, రాత్రి 8:30)

తమ్ముడూ, చాలామంది ఇట్లాగే చెప్తారు. ఒకప్పుడు నేనూ తరగతిలో ఇట్లాగే చెప్పాను. వరస కొంచెం సరిచేయాలి. నీళ్ల మీద అనుమానం స్నోకు ముందు నుంచే ఉంది. ఇల్లిల్లూ తిరిగి ఎవరు ఏ నీళ్లు తాగారో అడిగాడు. ఆ వివరాలతో అధికారులను ఒప్పిస్తే సెప్టెంబరు 8న పిడి తీశారు. అప్పటికే జబ్బు తగ్గుముఖం పట్టింది. మనందరం చూసే ఆ మ్యాపు తర్వాత, 1855లో అచ్చయిన పుస్తకంలో వచ్చింది. అంటే మ్యాపు పెట్టింది కనిపెట్టడానికి కాదు, నమ్మనివాళ్లను నమ్మించడానికి. పాప మొదటి ప్రశ్నకు ఇది సరిగ్గా సరిపోయే ఉదాహరణ.

ఇంకా ఉంది. ఆ మ్యాపులో పంపుకు దగ్గరలోనే ఒక పెద్ద వర్క్‌హౌస్ ఉంది, అంటే దిక్కులేని పేదలను ఉంచి పని చేయించే చోటు. అందులో 535 మంది ఉంటే చనిపోయింది 5 మంది. మ్యాపు మాత్రమే చూసినవాడు "అట్లయితే పంపు కారణం కాదు" అంటాడు. ఎందుకట్లా అయిందో స్నో మాటల్లో రాశాడు: వాళ్లకు లోపలే సొంత బావి ఉంది. మ్యాపులో అనుమానం పుట్టిన చోట వాక్యం వచ్చి ఆదుకుంది. చిటికి మగ్గం అన్న చెప్పిందీ ఇదే.

ఇక నా సబ్జెక్టు కాబట్టి గ్రాఫుల సంగతి కూడా చెప్తాను. పదో తరగతి సోషల్‌లో పట్టికలు, గ్రాఫులు ఇచ్చి విశ్లేషించమంటారు. పిల్లలు అంకెలు తిరిగి రాసి వస్తారు. నేను నేర్పే మొదటి పని, గ్రాఫు ఏ అంకె దగ్గర మొదలైందో చూడటం. ఒక బోరులో 1.4, ఇంకో బోరులో 1.6 ఉందనుకోండి. కడ్డీల గ్రాఫు 1.3 నుంచి మొదలుపెడితే రెండోది మూడింతలు పొడుగ్గా కనిపిస్తుంది. చూసినవాడు హడలిపోతాడు. సున్నా నుంచి గీస్తే తేడా కొంచెమే అని తెలుస్తుంది.

అట్లా అని "ఎప్పుడూ సున్నా నుంచే" అని పిల్లలతో బట్టీ పట్టించకూడదు. మన నాగార్జునసాగర్ నీటిమట్టం చూడండి. నిండితే 590 అడుగులు. అది నీటి లోతు కాదు, సముద్రమట్టం నుంచి కొలిచిన ఎత్తు. కనీస నీటిమట్టం 510 అడుగులు. సున్నా నుంచి గ్రాఫు గీస్తే 520 దగ్గర కూడా డ్యాం దాదాపు నిండినట్టే కనిపిస్తుంది. అప్పుడు కాలువ చివరి రైతుకు ఆ బొమ్మ అబద్ధం చెప్పినట్టే. ఇక్కడ 510 నుంచి గీయడమే న్యాయం. పైగా జలాశయం పైకి పోయేకొద్దీ వెడల్పు. పై పది అడుగుల్లో పట్టినన్ని నీళ్లు కింది పది అడుగుల్లో పట్టవు. అందుకే పేపర్లు అడుగులతో పాటు టీఎంసీలు కూడా వేస్తాయి, నిండితే 312 అని. రెండూ ఉంటేనే రైతుకు పనికొస్తుంది.

గద్వాల_పాఠకుడు (ఆదివారం, రాత్రి 9:45)

అందరూ నీళ్లు, మ్యాపులు, లెక్కలు అంటున్నారు. నాకు ఒక అభ్యంతరం ఉంది. కథలు రాసేవాళ్ల సంగతేమిటి? కథకుడిని నువ్వెందుకు రాశావంటే ఒక్క ముక్కలో చెప్పలేడు. కోపంతో మొదలుపెడతాడు, రాస్తూ రాస్తూ ఆ మనుషుల మీద ప్రేమ పుడుతుంది. వలసపోయిన పాలమూరు కూలీ మీద కథ రాసినవాడు సమాచారం ఇచ్చాడా, ఒప్పించాడా, ఆనందం కలిగించాడా? పిల్లలకు ఈ మూడు గళ్లు అలవాటు చేస్తే కథను కూడా కరపత్రం లాగే చదువుతారు.

బొమ్మల మీద కూడా. చిన్నప్పుడు మా అమ్మమ్మ చెప్పిన కథలకు బొమ్మల్లేవు. రాక్షసుడు ఎంత ఎత్తుంటాడో నేనే అనుకునేవాడిని. తర్వాత ఒక పుస్తకంలో అదే కథకు బొమ్మ చూశాను. నా రాక్షసుడు ఆ రోజుతో పోయాడు. ఇప్పటికీ నాకు బాధే.

తెలుగు_పంతులమ్మ_పాలమూరు (ఆదివారం, రాత్రి 10:20)

అన్నా, మూడు గళ్ల మీద మీ అభ్యంతరం నాకూ ఉంది. ప్రశ్నపత్రం నా చేతిలో ఉంటే "ఎందుకు రాశాడు" బదులు "ఇది చదివాక నీలో ఏం మారాలని రాశాడు? ఏ వాక్యం చూసి అట్లా అనుకున్నావు?" అని అడుగుతాను. దానికి కథ కూడా జవాబిస్తుంది. వలస కథ చదివిన పిల్ల "మా పక్కింటి వాళ్ల తాళం వేసిన తలుపు చూసినప్పుడు ఇంక ఊరికే పోలేను" అని రాస్తే నేను పూర్తి మార్కులు వేస్తాను.

కథ బొమ్మ విషయంలో మాత్రం మీతో సగమే ఒప్పుకుంటాను. చందమామలో శంకర్ గారి విక్రమార్కుడి బొమ్మ గుర్తుందా? భుజాన శవం, చేతిలో కత్తి, చుట్టూ చీకటి. ఆ బొమ్మ లోపలి కథ ఏం చెప్పేది కాదు. ప్రతి నెలా కథ వేరు, మనుషులు వేరు. అది "మళ్లీ శ్మశానం దారిలో ఉన్నాం, చివర ఒక ప్రశ్న వస్తుంది, సిద్ధంగా ఉండు" అని మాత్రమే చెప్పేది. మన ఊహను తినలేదు, వాకిలి దగ్గర దీపం పెట్టి నిలబడింది. మీ రాక్షసుడిని పోగొట్టిన బొమ్మ మీరు ఊహించాల్సినదాన్నే గీసేసింది.

పాఠ్యపుస్తకాల మీద పరిశోధన చేసిన రిచర్డ్ మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిన రెండు సంగతులు మా ట్రైనింగ్‌లో విన్నాను, నాకు బాగా పనికొచ్చాయి. బొమ్మలోని భాగం పేరు ఆ భాగం పక్కనే ఉండాలి, పేజీ చివర కాదు. పాఠంతో సంబంధం లేని ఆకర్షణీయమైన బొమ్మ పెడితే నేర్చుకోవడం పెరగదు, తగ్గుతుంది. ఆ గిన్నె బొమ్మ రంగుల్లో ఉందా అమ్మా?

నల్గొండ_అమ్మ (సోమవారం, ఉదయం 6:30)

అవును టీచర్. అదొక్కటే రంగుల్లో ఉంది. పట్టిక సన్న అక్షరాల్లో పేజీ అడుగున ఉంది.

పానగల్లు_ఫిజిక్స్ (సోమవారం, ఉదయం 7:15)

చిన్న అనుభవం. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి పిల్లలను తీసుకెళ్లాను. గర్భగుడిలో లింగం వెనుక పగలంతా స్తంభం నీడ కదలకుండా కనిపిస్తుంది. "సూర్యుడు కదులుతుంటే నీడ ఎందుకు కదలదు సార్?" అని అడిగారు. పది నిమిషాలు మాట్లాడాను. త్రికూటాలయం, మండపం, పరోక్ష కాంతి అన్నాను. ముఖాలు ఖాళీగా ఉన్నాయి.

అప్పుడు నేల మీద సుద్దముక్కతో గుడి ప్లాను గీశాను, పై నుంచి చూసినట్టు. వెలుతురు లోపలికి వచ్చే దారులకు బాణం గుర్తులు పెట్టాను. ఒక పిల్ల వెంటనే "సూర్యుడు కదిలినా ఈ దారులు కదలవు కదా సార్" అంది. నేను చెప్పాల్సిన వాక్యం ఆ పిల్లే చెప్పింది. అదే గుడి అందమైన ఫొటో చూపిస్తే ఇది జరిగేది కాదు. ఫొటోలో అన్నీ ఉంటాయి, ప్లానులో కావలసింది మాత్రమే ఉంటుంది.

నల్గొండ_అమ్మ (సోమవారం, రాత్రి 8:40)

అందరికీ ఒకేసారి రాస్తున్నాను. నిన్న రాత్రి పాపను కూర్చోబెట్టి క్రియల కింద గీతలు గీయించాను. "తాగకండి, చేయించండి" లాంటి మాటలకు పెట్టిన ఎర్ర గీతలు చివర్లోనే వచ్చాయి. తర్వాత ఒక్కో బొమ్మను చేత్తో మూసి "ఇది లేకపోతే ఏం పోతుంది?" అని అడిగాను. పళ్ల ఫొటో మూస్తే, "నానమ్మ పళ్ల లాంటివని తెలియదు" అంది. పట్టిక మూస్తే, "ఏ బోరు మంచిదో తెలియదు" అంది. గిన్నె మూసి అడిగితే చాలాసేపు ఆలోచించి, "ఇది లేకపోతేనే మంచిది" అంది.

ఈ రోజు బడికి వెళ్లి టీచరమ్మకు నెమ్మదిగా చూపించాను. ఆమెకు కోపం రాలేదు. బయట నుంచి తెచ్చిన షీటు, చూసుకోలేదు అన్నారు. రేపు తరగతిలో ఆ బొమ్మను కొట్టేయిస్తానన్నారు. మార్కు సంగతి నేను అడగలేదు.

పాప ఇంటికొచ్చి ఆ పాఠానికి తనే బొమ్మ గీసింది. ఒక బోరింగు, ఎర్ర రంగు. పక్కన నల్లా, నీలం రంగు. గిన్నె కూడా గీసి దాని మీద ఇంటూ గుర్తు పెట్టి, పక్కనే "మరిగిస్తే పోదు" అని రాసింది. అత్తమ్మకు చదవడం రాదు. బొమ్మ చూపిస్తే బోరింగు మీద చెయ్యి పెట్టి "గిది మా ఇంటి ముందటిది" అంది. గిన్నె దగ్గర ఆగి, "గీత గొట్టినవ్, గిన్నె పగిలిందా?" అని అడిగింది. ఇంటూ గుర్తు ఆమెకు అట్లా అర్థమైంది. పాప ఇప్పుడు దాన్ని ఎట్లా మార్చాలా అని కూర్చుంది. ఎవరికైనా తోస్తే చెప్పండి.

చిటికి_మగ్గం (సోమవారం, రాత్రి 9:05)

రెండు గిన్నెలు గీయమనండి. మొదటిదాంట్లో నీళ్లు నిండా, అందులో పది ఎర్ర చుక్కలు. రెండోది మరిగాక, నీళ్లు సగం, చుక్కలు అవే పది. చదువు రానివాళ్లు కూడా చుక్కలు లెక్కపెడతారు.

నీళ్ల_పరీక్ష (సోమవారం, రాత్రి 9:20)

ముప్ఫై ఏళ్లు పనిచేశాను, నాకు ఈ బొమ్మ తట్టలేదు. పాప గీశాక ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, మా పాత ఆఫీసు వాళ్లకు పంపుతాను.

అమ్మా, పాఠం చివర "పరీక్ష చేయించండి" అని ఉంది కదా, అది కూడా చేయండి. మీ ఇంటి బోరు నీళ్లు శుభ్రమైన లీటరు ప్లాస్టిక్ సీసాలో పట్టండి. గాజు సీసా వద్దు. ముందు అవే నీళ్లతో రెండు మూడుసార్లు కడగండి. సీసా మీద ఊరు, బోరు ఎక్కడుందో, పట్టిన తేదీ రాసి జిల్లా ల్యాబులో ఇవ్వండి.

నల్గొండ_అమ్మ (మంగళవారం, ఉదయం 7:10)

సీసా నింపాం సార్. చీటీ పాప రాసింది. బోరు ఎక్కడుందో మాటల్లో రాయకుండా ఇల్లు, వేపచెట్టు, బోరు చిన్న పటంగా గీసి, వేపచెట్టు నుంచి బోరుకు బాణం పెట్టి "పన్నెండు అడుగులు" అని రాసింది. పది గంటల బస్సుకు వెళ్తున్నాం.